ఎనిమిదో పడవ

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి కొబ్బరికాయల వ్యానొకటి తాటిపాకలో సాల్మన్ షెడ్డు ముందు ఆగి, ఎనిమిది ప్లాస్టిక్ పడవల్ని దింపింది. దింపింది అనడం మర్యాదకి. వ్యానులోంచి ఇద్దరు మనుషులు ఒక్కోదాన్నీ తోసేస్తుంటే అది సిమెంటు గచ్చు మీద పడి, దొర్లి, కాలవ పలక దగ్గర ఆగుతోంది. పగిలిన వస్తువుని బాగుచెయ్యమని తెచ్చి, దించేటప్పుడు ఇంకో రెండు పగుళ్లు పెట్టే మనుషులంటే సాల్మన్‌కి ఒళ్లు మంట. అవి కొబ్బరి బొండాలు కావు నాయనా అని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పలేదు. ఎనిమిదో పడవకి తనే ఎదురెళ్లి భుజం మీద దించుకున్నాడు.

సాల్మన్‌కి యాభై రెండేళ్లు. పగిలిన ప్లాస్టిక్‌ని కరిగించి అతకడం పని. రొయ్యల చెరువుల్లో తిరిగే ఫ్యాన్ల కింద తేలే ఫ్లోట్లు, మేడలమీది నీళ్ల ట్యాంకులు, మోటారు సైకిళ్ల మడ్‌గార్డులు, ఏవైనా వస్తాయి. ఇలాంటి పడవలు రావడం ఇదే మొదలు. ఒక్క మనిషి మాత్రమే పట్టే సన్నటి పడవలు. మధ్యలో కూర్చోడానికి పొడుగాటి గుంట, చేతిలో రెండు వైపులా రెక్కలున్న తెడ్డు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు వీటిలో కూర్చుని వశిష్ఠ గోదావరి మీద ఓ గంటన్నర తిరిగి ఫోటోలు దిగుతారు. కేరళలో అయిదారేళ్లు వాడి పక్కన పడేసినవాటిని బుచ్చిరాజుగారు కిందటేడు కొనుక్కొచ్చారు. ఏటి గట్టున నాలుగెకరాల కొబ్బరితోటలో ఆయనకి రిసార్టు ఉంది.

వ్యాను వెనకే కారులో ఆయన మేనల్లుడు దుర్గాశ్రీనివాస్ వచ్చాడు. రిసార్టు మేనేజరు. ఇరవయ్యారేళ్లుంటాయి. కారు దిగకుండా అద్దం దించి, గురువారం మధ్యాహ్నానికి అన్నీ అయిపోవాలన్నాడు. మూడు రోజుల్లో ఎనిమిదంటే కష్టమండి అన్నాడు సాల్మన్. 

"ఎనిమిదెక్కడ? ఏడు. ఏడూ గట్టిగా చెయ్యి, గెస్టులు ఎక్కేవి. ఆ పసుపుపచ్చది మటుకు పైపైన మూసేసి రంగు కొట్టెయ్, చాలు."

"అది ఎవరెక్కుతారండి?"

"మా గైడు. వెనకాల వస్తుంది. ఆ అమ్మాయికి ఈతొచ్చులే."

సాల్మన్ నోట్లోంచి "ఆయ్" అని వచ్చేసింది. కారు వెళ్లిపోయాక అతనికి అసలు కోపం ఆ మాట మీద వచ్చింది. తనకంటే సగం వయసున్న కుర్రాడు నువ్వు, చెయ్యి, కొట్టు అంటుంటే ఇన్నేళ్ల అలవాటు కొద్దీ నోరు దానంతటదే ఆయ్ అంటుంది. డబ్బిచ్చి వచ్చినవాడికి గట్టి పడవ, జీతానికి వచ్చినదానికి రంగేసిన పడవ. ఈతొచ్చిన మనిషి మునగదని ఎవడు చెప్పాడు వీడికి? గోదావరిలో పోయినవాళ్లలో సగంమందికి ఈతొచ్చు.

ఆ రోజంతా కడగడమే సరిపోయింది. పడవల అడుగున ఉప్పూ బురదా కలిసి పెచ్చు కట్టి ఉన్నాయి. కడిగితే గానీ పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలీదు. రేవు మెట్ల మీద ఈడ్చుకుంటూ పోయినట్టున్నారు, ప్రతి పడవకీ ముక్కు కింద అరిగిపోయింది. రెండింటికి గెస్టులు కూర్చునే చోట అడుగు నెర్రె విచ్చింది. ఒకదానికి ఎవడో తెలివైనవాడు రెండు ముద్దలు కలిపి పిసికే బంక పెట్టి, పైన నీలం రంగు వేశాడు. ఈ రకం ప్లాస్టిక్‌కి ఏ బంకా అంటుకోదు. సాల్మన్ గోరు పెట్టి లాగితే ఆ బంకంతా పుండు మీద పక్కులా ఒక్క ముక్కగా ఊడొచ్చింది. దాన్ని చేతిలో తిప్పి చూసి, బంక పెట్టినవాణ్ణీ వాడికి పని నేర్పినవాణ్ణీ కలిపి తిట్టాడు.

మంగళవారం అతకడం మొదలుపెట్టాడు. పగులు చివర ఎక్కడుందో వెలుతురుకి పట్టి చూసి, సరిగ్గా అక్కడ డ్రిల్లుతో చిన్న కన్నం పెడతాడు. కన్నం పెట్టకపోతే పగులు అతుకు కిందనుంచి మళ్లీ నడుస్తుంది. తరవాత పగులు పొడుగునా బ్లేడుతో గాడి తీస్తాడు. చుట్టూ రెండు వేళ్ల వెడల్పున పైపొర గీకేస్తాడు. ఎండకి కాలిన పైపొర మీద అతుకు నిలవదు. అతికే ప్లాస్టిక్ పడవ ప్లాస్టికే అయ్యుండాలి. సాల్మన్ ఒక పీలిక కోసి వెలిగించి వాసన చూశాడు. కొవ్వొత్తి వాసన. నీళ్ల ట్యాంకుదీ ఇదే జాతి. షెడ్డు వెనక చచ్చిపోయిన ట్యాంకులు నాలుగున్నాయి. వాటిలోంచి సన్నటి కడ్డీల్లా కోసుకుని, వేడిగాలి మిషను ఒక చేత్తో, కడ్డీ ఒక చేత్తో పట్టుకుని, గాడిలోకి కొంచెం కొంచెంగా కరిగిస్తూ దిగాడు. పడవా కడ్డీ రెండూ ఒకేసారి మెరవాలి. ఒకటి మెరిసి ఒకటి మెరవకపోతే అది అతుకు కాదు, పూత.

అతికాక పడవలో నిండా నీళ్లు పోసి రెండు కర్రల మీద ఎత్తి పెడతాడు. కింద అతుకు మీద ఆరిన ముగ్గుపిండి చల్లుతాడు. చెమ్మ ఏ కాస్త దిగినా పిండి నల్లబడుతుంది. చర్చికి వెళ్లే మనిషికి వారానికో కేజీ ముగ్గెందుకని ఊళ్లో కొట్టువాడు నవ్వుతాడు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య మార్తమ్మ వరసగా ముగ్గు చల్లిన పడవల్ని చూసి, ఇంటిముందు ఏనాడూ చీపురు పట్టని మనిషి ఇన్ని వాకిళ్లు అలంకరించేరా అంది. సాల్మన్ నవ్వలేదు. పసుపుపచ్చ పడవ గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ అన్నం ముద్ద చేతిలోనే ఆరబెట్టాడు.

బుధవారం పదింటికి ఏడూ అయ్యాయి. పిండి తెల్లగానే ఉంది. అప్పుడు ఎనిమిదో దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టాడు. పైపైన మూసే ఉద్దేశం అతనికి లేదు. అన్నిటికంటే గట్టిగా దీన్నే చేసిస్తాను, ఆ మేనల్లుడు కుళ్లుకోవాలి అనుకున్నాడు. పగులు పొడుగుగా, అడుగున కాళ్లు పెట్టుకునే చోట జానెడున్నర ఉంది. కన్నం పెట్టి, గీకడం మొదలుపెట్టాడు. మిగతా పడవల్ని గీకితే బ్లేడు ముందు ప్లాస్టిక్ రిబ్బనులా చుట్టుకుంటూ లేచింది. ఇది లేవలేదు. పొడి రాలింది. ఇంకాస్త లోతుకి గీకాడు. పొడే. సీటు కింద ఎండ తగలని చోట కూడా గీకి చూశాడు, అక్కడా అంతే. కేరళలోనే చచ్చిపోయి ఉంటుంది ఇది. ఇక్కడికి శవాన్ని తెచ్చారు.

అయినా రెండుసార్లు అతికి చూశాడు. లోపలి వైపు స్టీలు జాలీ ముక్క పెట్టి, దాని మీద నుంచి కరిగించాడు. చల్లారాక రెండు బొటనవేళ్లతో నొక్కితే అతుకు బాగానే ఉంది, అతుకు పక్కన అప్పడం విరిగినట్టు కొత్త పగులు వచ్చింది. రెండోసారీ అలాగే అయింది. అతుకూ జాలీ పీకేసి, మిషను ఆపేసి దుర్గాశ్రీనివాస్‌కి ఫోను చేశాడు. ఈ పడవ దేనికీ పనికిరాదండి, ఏటి మధ్యలో ఏ తెడ్డు దెబ్బకైనా అడుగు ఊడిపోతుంది అని వివరంగా చెప్పాడు. అవతల నుంచి ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో ఇటు తిరిగి, నీ సలహా ఎవరడిగారు, మూసి రంగెయ్యమంటే అది చెయ్యి అన్నాడు మేనేజరు. సాల్మన్ ఇంకా ఏదో అనబోతే ఫోను పెట్టేశాడు.

కాట్రేనికోన వైపు రొయ్యల రైతులందరికీ సాల్మన్ పద్ధతి ఒకటి తెలుసు. పనికిరాదని తేల్చిన ఫ్లోటుని అతను తిరిగివ్వడు. అక్కడికక్కడే రంపంతో రెండు ముక్కలు కోసేస్తాడు. కొయ్యకపోతే ఎవడో దానికి రంగేసి ఇంకో చిన్నరైతుకి అంటగడతాడు, ఆ రైతు చెరువులో కరెంటు ఫ్యానుతో సహా అది ఒరిగిపోతుంది. ఈ సంగతి తెలిసే రైతులు అతని దగ్గరికి తెస్తారు. కోస్తే గొణుక్కుంటూ పోతారు గానీ ఎవరూ తగువు పెట్టుకోలేదు. 

ఆ చేతికి ఇది ఫ్లోటా పడవా అనే తేడా తెలీలేదు. చెక్కలు కోసే చేతిరంపం తీసుకుని, సీటుకి ముందు, గుంట మధ్యలో అడ్డంగా పెట్టి కోశాడు. చచ్చిన ప్లాస్టిక్ కాబట్టి రంపానికి ఎదురు చెప్పలేదు. పసుపు పొడి ముంజేతుల నిండా పడింది. అయిదు నిమిషాల్లో పడవ రెండయింది. సోమవారం నుంచి ఛాతీలో అడ్డంపడ్డదేదో దిగినట్టనిపించింది. ఆ రోజు మధ్యాహ్నం మార్తమ్మ తెచ్చిన చేపల పులుసుతో రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. ఆవిడ ముక్కల వైపు చూసి, రాజుగారి పడవండీ బాబూ అంది. అయితే ఏంటంటా అన్నాడు. 

గురువారం మధ్యాహ్నం దుర్గాశ్రీనివాస్ వచ్చాడు. సాల్మన్ పొద్దుటి నుంచే సిద్ధంగా ఉన్నాడు. ఏమంటే ఏమనాలో అన్నీ వరసలో పెట్టుకున్నాడు. మేనేజరు కారు దిగి, ఏడు పడవల అడుగులూ చేత్తో తడిమి చూసి, షెడ్డు గోడకి చేరేసిన పసుపు ముక్కల దగ్గర ఆగాడు. కాసేపు చూశాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"కోసేసేవా? సర్లే. మంచిపనే చేసేవు."

అంతే. నవ్వాడు కూడా. ఏడు పడవల్నీ వ్యానెక్కించుకుని, ఎక్కించేవాళ్లని మెల్లిగా, మెల్లిగా అని తనే హెచ్చరిస్తూ వెళ్లిపోయాడు. వరసలో పెట్టుకున్న మాటలన్నీ సాల్మన్ నోట్లోనే ఉండిపోయాయి. తిడతాడనుకున్నవాడు మెచ్చుకుంటే అంతకంటే చెడ్డ శకునం లేదు. ఎక్కడో ఏదో తప్పాడు తను, అదేమిటో తెలియడం లేదు.

మూడున్నరకి రాజోలు బస్సు దిగి ఒకావిడ షెడ్డు వైపు నడిచి వచ్చింది. ముప్పయ్యేళ్లుంటాయి. ఎండకి కమిలిన మొహం, తెడ్డు వేసి వేసి మగవాడివిలా అయిన ముంజేతులు. చున్నీ నడుముకి బిగించి ఉంది. సాల్మన్ గారంటే మీరేనాండి అని అడిగింది. తన పేరు వీరవేణి అనీ, రాజుగారి రిసార్టులో పడవల గైడుననీ చెప్పింది. సాల్మన్ మొహం విప్పారింది. మూడు రోజులుగా అతను ఎవరి తరఫున కోపం పడుతున్నాడో ఆ మనిషి నడిచొచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశాడు. ఆవిడ కూర్చోలేదు. గోడకి చేరేసి ఉన్న ముక్కల దగ్గరకెళ్లి, కోసిన అంచు మీద వేలు రాసి చూసింది.

"దీన్ని మీరే కోసేరా అండి?"

"ఆయ్, నేనేనమ్మా. మళ్లీ నువ్వు దాన్ని ఎక్కాల్సిన పన్లేదు."

"ఎవర్నడిగి కోసేరండి?"

ఆవిడ గొంతు పెంచలేదు. అండీ అనడం మానలేదు. కానీ సాల్మన్‌కి చెంప మీద కొట్టినట్టయింది. 

పద్నాలుగు నెలలుగా ఆ పడవలోనే గెస్టుల వెనక వెళ్తున్నానని చెప్పింది వీరవేణి. అది పగిలిందని మేనేజరుకి మూడుసార్లు చెప్పింది. ఈతొచ్చు కదా అన్నాడు. జాకెట్టడిగితే గెస్టులకే చాలటం లేదన్నాడు. పని మానేద్దామంటే ఇంట్లో జరగదు, ఆవిడ భర్త చెరువుల కాపలాకి పోతే నాలుగు నెలలు పని, నాలుగు నెలలు ఖాళీ. అందుకని ఎవరికీ చెప్పకుండా కాగితం రాయించుకుని, ఏటి మీద బోట్లు తనిఖీ చేసే ఆఫీసుకి అమలాపురం రెండుసార్లు తిరిగింది. అక్కడి మేడం భవానీదేవి గారు కాగితం చదివి, శుక్రవారం వస్తాను, పడవని ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచు, నా కళ్లతో చూస్తే గాని రాయలేను అన్నారు. ఎవరు చెప్పారో, మేనేజరుకి తెలిసిపోయింది. శుక్రవారం లోపల అన్నీ మెరిసిపోవాలని ఇక్కడికి పంపాడు.

"ఇక్కడికొచ్చిందని తెలిసి నేను సంతోషించేనండి. తాటిపాకాయన అబద్ధపు అతుకు వెయ్యడు, వెయ్యనని చెప్పి తిప్పి పంపిస్తాడు, అదే చాలనుకున్నాను. ఇప్పుడేమైందో తెలుసాండి? మాకున్నవే ఏడు, ఏడూ సాల్మన్ చేత బాగుచేయించేం అని చూపిస్తారు రేపు. గైడు పడవే లేదు, గైడూ లేదు. ఇందాక పడవలు దింపగానే నాకు పనిలేదని చెప్పేశారు. గెస్టుల్ని గట్టు మీంచి తోటమాలి చూస్తాడంట."

ఏమనాలో తోచనప్పుడు సాల్మన్‌కి వచ్చేది కోపమే. నీ ప్రాణం పోతుందని రాజుగారి సొమ్ము కోసి పారేస్తే నామీదకొస్తావేంటమ్మా అన్నాడు. గొంతు రోడ్డు దాకా వినబడింది. పక్కన టైర్ల షాపువాడు తొంగిచూశాడు. 

"నా ప్రాణం సంగతి నన్నడగాలి కదండి," అంది వీరవేణి. "మీకు కోపమొచ్చింది, కోసేరు, చల్లబడ్డారు. నాకూ వచ్చిందండి కోపం. పద్నాలుగు నెల్లు వచ్చింది. నేను దాన్ని రేపటి కోసం దాచుకున్నాను."

ఆవిడ రోడ్డు దాటి, రాజోలు వెళ్లే బస్సు కోసం నిలబడింది. బస్సు రావడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆవిడ ఇటు తిరిగి చూడలేదు. సాల్మన్ షెడ్డులోంచి చూస్తూనే ఉన్నాడు. వెళ్లి ఏదో చెప్పాలని రెండుసార్లు లేచి, మళ్లీ కూర్చున్నాడు. చేతి కింద పగిలిన మడ్‌గార్డు ఉంది. మిషను పెట్టాడు. కడ్డీ మెరిసింది, మడ్‌గార్డు మెరవలేదు. పీకి అవతల పడేశాడు. ఆ మేనేజరు ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. వాడు చెయ్యాల్సిన పని తను ఉచితంగా చేసిపెట్టాడు. వాడి మీద కోపం, తన మీద కోపం, రెంటిలో ఏది ఎక్కువో చెప్పలేకుండా ఉన్నాడు.

ఇంటికెళ్లి మార్తమ్మకి చెప్పాడు. వేళాకోళమాడుతుందనుకున్నాడు. ఆవిడ బియ్యం ఏరుతూ అంతా విని, ఆ అమ్మాయి ఒక్క మాటా తప్పనలేదు అంది. రేపు వెళ్తాను, ఆ మేడం ముందే ఆ కుర్రాణ్ణి కడిగేస్తాను అన్నాడు సాల్మన్. 

"అరవడానికైతే వెళ్లకండి," అంది మార్తమ్మ. "మీరు అరిస్తే అందరూ మీ అరుపే చూస్తారు."

శుక్రవారం షెడ్డు తియ్యలేదు. రెండు ముక్కల్నీ ట్రాలీ ఆటోలో వేసి, కింద గోనెలు పరిచి, తాళ్లతో కట్టి తొమ్మిదిన్నరకి రిసార్టు గేటు దగ్గరికి చేరాడు. పడవల మనిషి కదా అని వాచ్‌మన్ ఆపలేదు. తోటలోంచి రేవు దాకా సిమెంటు బాట. రేవు గట్టున ఏడు పడవలూ వరసగా పడుకోబెట్టి ఉన్నాయి, ముక్కులన్నీ ఏటి వైపు. నారింజరంగు జాకెట్లు తొడుక్కుని గెస్టులు పదిమంది దాకా నీడలో కూర్చున్నారు. బుచ్చిరాజుగారు పేము కుర్చీలో ఉన్నారు. ఆయన ఎదుట ఫైలు పట్టుకుని ఒక నడివయసు ఆఫీసరు, ఆవిడే భవానీదేవి. దుర్గాశ్రీనివాస్ ఒక్కో పడవా తిప్పి అతుకులు చూపిస్తున్నాడు. వీరవేణి వీళ్లందరికీ దూరంగా, రేవుకి కట్టిన తాడు అవతల నిలబడి ఉంది. 

ట్రాలీలో పసుపు ముక్కలు చూసి ఆవిడ తాడు దాటి వచ్చింది. సాల్మన్ మొహం అప్పటికే ఎర్రగా ఉంది. 

"మీరు మాట్లాడకండి అన్నయ్యగారూ. అడిగినదానికి మటుకు చెప్పండి," అంది మెల్లిగా. 

సాల్మన్ తలూపాడు. ఇద్దరూ కలిసి ముక్కల్ని మోసుకొచ్చి గడ్డి మీద పెట్టారు.

ఏంటివి అని భవానీదేవి అడిగేలోపల దుర్గాశ్రీనివాస్ అందుకున్నాడు. ఇతనేనండి మేడం, మా పడవలు చేసిన సాల్మన్, జిల్లాలో ఇంతటి పనివాడు లేడు అన్నాడు. ఆ పసుపుది ఏనాడో పక్కన పడేసిన తుక్కనీ, నీళ్లలోకి దించిందే లేదనీ, తుక్కు కాబట్టే ఇతను కోసేశాడనీ చెప్పాడు. ఈవిడ నిన్న పని మానేసిన మనిషి, ఏదో కక్షతో తెప్పించింది అన్నాడు. బుచ్చిరాజుగారు కుర్చీలోంచి కదలకుండా, సాల్మన్ మంచివాడేనండి, కాస్త కోపిష్టి అంతే అని నవ్వారు. గెస్టుల్లో ఒకరిద్దరు కూడా నవ్వారు. సాల్మన్ నాలుక చివరికి వచ్చిన మాటలు వింటే ఆ నవ్వులు ఆగేవి. వీరవేణి అతని వైపు చూడలేదు. చూడకపోవడమే అతన్ని ఆపింది.

"మీరే కోశారా?" అంది భవానీదేవి. "ఎవరు కొయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదండి. నేనే కోసేను."

"ఓనర్ని అడిగారా?"

"లేదండి. ఈ అమ్మాయిని అడగాల్సిందండి. ఈవిడెక్కే పడవ. ఈవిణ్ణీ అడగలేదు. అది నా తప్పేనండి."

"ఈవిడ ఎక్కడం మీరు చూశారా?"

ఇక్కడ ఒక్క అబద్ధం చాలు. చూశానండి అంటే అయిపోతుంది. సాల్మన్ గొంతు దాకా వచ్చింది అది. "చూళ్లేదండి," అన్నాడు. "ప్లాస్టిక్ చచ్చిపోయిందని మటుకు చెప్పగలను. ఎవరెక్కేరో చెప్పలేను."

భవానీదేవి కలం మూత పెట్టింది. అమ్మా, కోసేసిన ముక్కలు చూసి నేనేం రాయను, ఇది వాడుకలో ఉందని తెలియాలి కదా అంది వీరవేణితో. కటువుగా అనలేదు, కానీ ఫైలు మూసింది. మేనేజరు గెస్టుల వైపు తిరిగి, రెండు నిమిషాలండి, బయల్దేరిపోదాం అన్నాడు.

"నేను చూపిస్తానండి," అంది వీరవేణి. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "అన్నయ్యగారూ, ఆ రెండూ కలిపి పట్టుకోండి."

సాల్మన్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గడ్డిలో మోకాళ్లు వేశాడు. ముందు ముక్కని వెనక ముక్కకి జరిపి, తను కోసిన అంచుకి అంచు కలిపి, రెండు చేతులూ చెరోవైపు వేసి బిగించాడు. వీరవేణి వరసలోంచి ఒక తెడ్డు తీసుకుని, ఆ పడవలో దిగి కూర్చుంది. 

మామూలుగా కూర్చోలేదు. కుడి తుంటి మీదికి ఒరిగి, ఎడమ కాలు చాపి, మడమ తెచ్చి పగులు మీద ఆనించింది. కిందికి చూసుకోలేదు. మడమ వెతుక్కోకుండా వెళ్లి అక్కడే ఆగింది. తెడ్డు కుడి, ఎడమ, కుడి వేసింది. మూడో తెడ్డు తరవాత చెయ్యి దానంతటదే కిందికి పోయి, లేని గుడ్డతో లేని నీళ్లు అద్ది, పడవ బయటికి పిండింది. మళ్లీ మూడు తెడ్లు. మళ్లీ అద్ది పిండడం. కళ్లు మాత్రం ఎదురుగా ఏటి మీదే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదులుతున్నాయి. ముందు వెళ్లే గెస్టుల పడవలు లెక్కపెట్టడం అది. ఏడు దాకా లెక్కపెట్టి, తెడ్డు వేసి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. గడ్డి మీద, పొడిగా, గట్టున పదిహేనుమంది చూస్తుండగా, ఒక్కసారి కూడా తడబడలేదు. గెస్టుల్లో ఇందాక నవ్వినవాళ్లు నవ్వు మానేశారు. 

భవానీదేవి దగ్గరికొచ్చి వంగింది. ఆ కాలు ఒకసారి ఎత్తమ్మా అంది. వీరవేణి ఎత్తింది. మడమ మీద అడ్డంగా ఒక గీత ఉంది, కోసుకుని, మాని, మళ్లీ కోసుకుని కాయకట్టిన గీత. భవానీదేవి ఆ గీతనీ, కింద పగులు అంచునీ మార్చి మార్చి చూసింది. 

"ఇలా ఎంతసేపు?"

"ఒక్కో ట్రిప్పు గంటన్నరండి. ఆదివారాలైతే నాలుగు ట్రిప్పులండి."

సాల్మన్ తల ఎత్తలేకపోయాడు. మూడు రోజులు ఈ పడవ అతని షెడ్డులో ఉంది. దాని ప్లాస్టిక్ ఏమిటో కాల్చి తెలుసుకున్నాడు, లోతెంతో గీకి తెలుసుకున్నాడు. దీంట్లో మనిషి ఎలా కూర్చుంటుందో మాత్రం ఆలోచించలేదు. ఆ మనిషి కోసమే కోపం పడ్డానని అనుకున్నాడు.

భవానీదేవి నిలబడే ఫైలు తెరిచి రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే చెప్పింది. ఈరోజు పడవలేవీ నీళ్లలోకి దించకూడదు. గైడుకి మంచి పడవా, జాకెట్టూ తెచ్చి, ఈవిడే వెనకాల ఉంటుందని కాగితం మీద రాసిచ్చాక, తను మళ్లీ వచ్చి చూస్తుంది, అప్పటిదాకా రేవుకి తాళం. మేనేజరు గెస్టులొచ్చేశారండి మేడం అన్నాడు. చూశానండి అంది ఆవిడ. అతను మావయ్య వైపు చూశాడు. బుచ్చిరాజుగారు కుర్చీ చేతుల మీద వేళ్లు ఆడించి, "ఆయ్, అలాగేనండి," అన్నారు.

దుర్గాశ్రీనివాస్ గడ్డి దగ్గరికొచ్చాడు. "అయిపోయింది కదా. ఇంక లే," అన్నాడు వీరవేణితో పళ్ల బిగువున.

"మేడం గారు రాయడం అవలేదండి," అంది వీరవేణి, ఏటి మీంచి చూపు తిప్పకుండా. మడమ మళ్లీ పగులు మీద పెట్టి, తెడ్డు కుడి వైపు వేసింది. 

ఆ ఊపుకి కలిపిన అంచు కొంచెం విడింది. సాల్మన్ మోకాళ్ల మీద ముందుకి జరిగి, అరచేతులు కోసుకుంటున్నా పట్టు బిగించి, మళ్లీ కలిపాడు. చేతులు లాగుతున్నాయి. కోపం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. ఆవిడ ఏడు దాకా లెక్కపెట్టడం అయ్యేవరకూ కదలకుండా పట్టుకున్నాడు. ఆవిడ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, మళ్లీ పట్టుకున్నాడు.